భార్య డల్లాస్‌లో, భర్త హనుమకొండలో: ఐ-751 ఉమ్మడి పిటిషన్ మీద సమీక్ష

రెండేళ్ళ గ్రీన్‌కార్డు మీది షరతులు తీసేయమని అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖకు పెట్టే ఫారం ఐ-751. దాని మీద మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఫారం తేలిక, సాక్ష్యాలు బరువు, అసలు తలనొప్పంతా సంతకం దగ్గర. భార్య డల్లాస్‌లో ఉద్యోగం చేసుకుంటుంటుంది. అమెరికా సిటిజన్ అయిన భర్త బాపు ఆపరేషన్ కోసమో, భూమి పంపకాల కోసమో హనుమకొండ వచ్చి నెలల తరబడి ఇక్కడే ఆగిపోతాడు. ఈలోగా ఆమె రెండేళ్ళ గ్రీన్‌కార్డు గడువు దగ్గరపడుతుంది. వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు. మా ఇంటిదీ, చుట్టాలవీ ఇలాంటి ఫైళ్ళు దగ్గరుండి పంపించాం గనక, ఈ పద్ధతిలో ఏది సాఫీగా నడుస్తుందో, ఏది ఎక్కడ తిరగబడుతుందో రాస్తున్నాం.

రెసిడెన్సీ వచ్చిన రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే చేతికొచ్చేది షరతుల కార్డు. ఆ షరతులు తీసేయమని ఇద్దరూ సంతకాలు పెట్టి అడిగేదే ఈ పిటిషన్. మొదటి అపోహ ఇక్కడే. "ఆయన ఇక్కడ లేడు కదా, వేవర్ కింద ఒక్కదాన్నే వేసుకుంటా" అంటారు. వేవర్, అంటే రెండో సంతకం లేకుండా వేసుకునే మినహాయింపు, ఉన్నది భాగస్వామి చనిపోయినవాళ్ళకు, విడాకులైనవాళ్ళకు, హింసకు గురైనవాళ్ళకు, అమెరికా నుంచి పంపేస్తే తీవ్రమైన కష్టాల్లో పడేవాళ్ళకు. భర్త వేరే ఊళ్ళో ఉండటం ఆ జాబితాలో లేదు. కాపురం చక్కగా ఉండగా వేవర్ గడిలో టిక్కు పెడితే లేని గొడవను చేతులారా రాసిచ్చినట్టే. ఉమ్మడిగా వేయడానికి ఇద్దరూ ఒకచోట ఉండాలని ఎక్కడా లేదు. కార్డున్న మనిషే వరంగల్‌లో ఉన్నా పిటిషన్ వేయొచ్చు. ఇంటర్వ్యూకు పిలిస్తే మాత్రం ఇద్దరూ అమెరికాలో హాజరు కావాలి.

తేదీల లెక్క కచ్చితంగా ఉండాలి. కార్డు గడువుకు ముందు 90 రోజుల్లోనే ఫైలు అందాలి. గడువు 2026 జూన్ 30 అనుకుంటే ఏప్రిల్ 1 కన్నా ముందు అందినది తిరిగొస్తుంది. జూన్ 30 దాటితే ఆలస్యానికి సరైన కారణం రాతపూర్వకంగా చూపించాలి. చూసేది అందిన తేదీని, పోస్టు చేసిన తేదీని కాదు. ఇద్దరూ రెండు దేశాల్లో ఉన్నప్పుడు 90 రోజులు బోలెడు అనిపిస్తాయి గానీ సంతకం పేజీ ఒక్కసారి తప్పుగా వస్తే పది రోజులు ఎగిరిపోతాయి. కాబట్టి కాగితాలు గడువుకు ఆరు నెలల ముందునుంచే పోగేసుకుని, సంతకాలు మాత్రం ఆ 90 రోజులు మొదలయ్యే వారంలో పెట్టించుకోవడం మాకు నచ్చిన పద్ధతి. ఈలోపు ఫారం ఎడిషన్ మారినా పాత పేజీలు మిగిలిపోవు. ప్రతి పేజీ అడుగున ఎడిషన్ తేదీ ఉంటుంది. రెండు ఎడిషన్ల పేజీలు కలిస్తే ఫైలు వెనక్కి పంపేస్తారు.

ఫారం పీడీఎఫ్ ఫోన్‌లో తెరవకండి. బ్రౌజర్‌లో తెరిస్తే "దయచేసి ఆగండి" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ సందేశం ఒక్కటే కనిపిస్తుంది, ఎంతసేపు ఆగినా అంతే. కంప్యూటర్‌లో దించుకుని అడోబీ రీడర్‌తో తెరవాలి. నింపేటప్పుడు ఒక ప్రశ్న దగ్గర చాలామంది బోల్తా పడతారు. భాగస్వామి అమెరికా ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి దేశం బయట పనిచేస్తున్నారా అని అడుగుతుంది. భర్త దేశం బయటే ఉన్నాడు కదా అని "అవును" పెట్టేస్తారు. అది మిలిటరీ, ప్రభుత్వ ఉద్యోగులకు సంబంధించిన ప్రశ్న. ప్రైవేటు కంపెనీలో సెలవు పెట్టి వచ్చినా, ఇక్కడినుంచే ల్యాప్‌టాప్‌లో పనిచేస్తున్నా జవాబు "కాదు". భర్త ప్రస్తుత చిరునామా అడిగిన చోట హనుమకొండ ఇంటి నంబరే రాయండి. డల్లాస్ అడ్రస్ రాసి దాచిపెడితే, పాస్‌పోర్టు ముద్రలు చూసినరోజు ఆ ఒక్క అబద్ధం ఫైలంతటినీ అనుమానంలోకి లాగుతుంది.

ఇక సంతకం. కలంతో కాగితం మీద పెట్టిన సంతకాన్ని స్కాన్ చేసి, ఆ ప్రింటు పంపితే ఈ ఫైళ్ళు చూసే అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఒప్పుకుంటుంది. కోవిడ్ సమయంలో 2020 మార్చిలో ఇచ్చిన ఈ వెసులుబాటును 2022 జులైలో శాశ్వతం చేశారు. అంటే హనుమకొండ నుంచి కాగితం విమానమెక్కాల్సిన పనిలేదు. కానీ అసలు కాగితం భద్రంగా ఉంచాలి, తర్వాత ఎప్పుడైనా చూపించమని అడగొచ్చు. కంప్యూటర్‌లో టైపు చేసిన పేరు, సంతకాల యాప్‌లో వేలితో గీసిన గీత, రబ్బరు స్టాంపు, వేరే ఫైల్లోంచి కత్తిరించి అతికించిన సంతకం బొమ్మ చెల్లవు. తెలుగులో సంతకం చేసే అలవాటున్నవాళ్ళు తెలుగులోనే చేయొచ్చు. సంతకం ఇంగ్లిష్‌లో ఉండాలనీ, చదవడానికి వీలుగా ఉండాలనీ నియమం లేదు. పక్కన తేదీ మాత్రం నెల ముందు, రోజు తర్వాత. మన అలవాటు కొద్దీ 05/04 అని రాస్తే అక్కడ మే 4 అవుతుంది. అది భవిష్యత్తు తేదీ అయితే ఇంకో చిక్కు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే సరిపోతుందని చౌరస్తాలో ఎవరైనా చెబితే నమ్మకండి. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద తమ్ముడి పేర రాసిచ్చిన అధికారం మ్యుటేషన్‌కు పనికొస్తుందేమో, ఇక్కడ పనికిరాదు. మతిస్థిమితం లేనివాళ్ళకూ, చిన్నపిల్లలకూ తప్ప ఒకరి బదులు మరొకరు సంతకం చేయడం కుదరదు. నోటరీ ముద్ర కూడా అక్కర్లేదు.

సంతకం పేజీ ప్రింటు దగ్గర మనవైపు తప్పనిసరిగా వచ్చే గొడవ కాగితం సైజు. ఫారం అమెరికా లెటర్ సైజు, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 ఎత్తు. ఇక్కడి జిరాక్స్ సెంటర్లలో దొరికేది ఏ4, 210 వెడల్పు, 297 ఎత్తు. షాపులో మామూలుగా "ఫిట్ టు పేజ్" నొక్కేస్తారు, దాంతో ఫారం, దాని అడుగునున్న బార్‌కోడ్ కుదించుకుపోతాయి. ఆ స్కాన్‌ను డల్లాస్‌లో మళ్ళీ ఫిట్ చేసి తీస్తే ఇంకో ఆరు శాతం తగ్గుతుంది. "యాక్చువల్ సైజ్" లేదా నూరు శాతం అని గట్టిగా చెప్పించుకోండి. వెడల్పులో రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్లు పోతాయి. అది మార్జినే గనక నష్టం లేదు. స్కాన్ మాత్రం గాజు మీద బోర్లించి 300 డీపీఐలో చేయించాలి. ఫోన్ యాప్‌తో తీస్తే అంచులు వంకరపోతాయి, కొన్ని యాప్‌లు అడుగున తమ ముద్ర కూడా వేస్తాయి. సంతకం పేజీ ఒక్కటే వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు. వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. భర్తకు ఫారం మొత్తం పంపి చదవనివ్వండి. అబద్ధమాడితే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ పెట్టే సంతకం అది, కరెంటు బిల్లు రసీదు మీద పెట్టేది కాదు.

సాక్ష్యాల సంగతికొస్తే, మిగతావాళ్ళ ఫైలుకూ మీ ఫైలుకూ తేడా ఒకటే: మధ్యలో ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఫైలే వివరించాలి. మా దృష్టిలో మొత్తం కట్టలో ఎక్కువ ఫలితమిచ్చేది ఒకటిన్నర పేజీల వివరణ ఉత్తరం. ఇద్దరి సంతకాలతో, భర్త ఏ తేదీన శంషాబాద్‌లో దిగాడు, ఎందుకు వచ్చాడు, మధ్యలో ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఎప్పటికి తిరిగి వెళ్తాడు అన్నంతే. ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితం ఉండాలి: బోర్డింగ్ పాసు, పాస్‌పోర్టు ముద్ర పేజీ, మామగారి డిశ్చార్జి సమ్మరీ, కంపెనీ సెలవు ఉత్తరం, తిరుగు టికెట్టు.

ఆ తర్వాత ఉమ్మడి బతుకుకు రుజువులు. జాయింటుగా వేసిన పన్ను రిటర్నులకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే నకళ్ళు (ట్రాన్‌స్క్రిప్టులు) అన్నిటికన్నా గట్టివి. వాటి తర్వాత ఇద్దరి పేర్లున్న లీజు (భర్త ఇక్కడున్నా పేరు తీయించకండి), కారు బీమా, ఆరోగ్య బీమా, 401కే (అమెరికా ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) నామినీ పత్రం. జాయింట్ ఖాతా స్టేట్‌మెంట్లలో ఒక చిట్కా ఉంది. అదే ఖాతా కార్డును భర్త ఇక్కడ వాడుతుంటే హనుమకొండ మెడికల్ షాపు ఖర్చు, డల్లాస్ కిరాణా ఖర్చు ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తాయి. రెండు దేశాల్లో ఒకే సంసారం అని ఆ పేజీయే చెబుతుంది. ఒకరే వాడుతూ రెండో పేరు ఊరికే ఉన్న ఖాతాకు అంత బలం ఉండదు. ఇక్కడివి కూడా పనికొస్తాయి: ఎల్ఐసీలో నామినీగా భార్య పేరు, ఇద్దరి పేర రిజిస్టరైన ప్లాటు పత్రం. వాట్సాప్ చాట్‌లు వందల పేజీలు తీయొద్దు. నెలకో పేజీ చొప్పున కాల్ లాగ్ చాలు. ఫొటోలకు కింద తేదీ, ఊరు, పక్కనున్నదెవరో ఒక వరుసలో రాయండి. బతుకమ్మ దగ్గర నలభై మంది ఆడవాళ్ళ మధ్య కోడలెవరో అక్కడి ఆఫీసర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇద్దరినీ ఎరిగిన కనీసం ఇద్దరి అఫిడవిట్లు పెట్టుకోవచ్చు. ఆడబిడ్డ, తోడల్లుడు రాసినా తప్పు లేదు గానీ పక్కింటివాళ్ళో, ఆఫీసు స్నేహితులో రాస్తే విలువెక్కువ. రాసేవాళ్ళ పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, మీకేమవుతారో ఉండాలి. "మంచి జంట" అని రాస్తే లాభం లేదు, చూసిన సంగతులు రాయాలి. తెలుగు కాగితం ప్రతిదానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం, రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని అనువాదకుడు సంతకంతో ఇచ్చే ధ్రువీకరణ కావాలి. ప్రభుత్వ అనువాదకుడే కానక్కర్లేదు. మన జిల్లాల పేర్లు కూడా ఒక వరుసలో చెప్పడం మంచిది. 2016కి ముందు కాగితాల్లో వరంగల్, తర్వాత వరంగల్ అర్బన్, 2021 నుంచి హనుమకొండ అని ఉంటుంది. ఇల్లు మారలేదు, పేరు మారిందంతే. ఇంటిపేరు ముందొచ్చిన చోట, వెనకొచ్చిన చోట అన్ని రూపాలూ "ఇతర పేర్లు" గడిలో రాసేయండి.

ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 750 డాలర్లు. చెక్కులు, మనీ ఆర్డర్ల కాలం 2025 అక్టోబరుతో ముగిసింది. జీ-1450 ఫారంతో క్రెడిట్ లేదా డెబిట్ కార్డు మీద గానీ, జీ-1650 ఫారంతో అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గానీ చెల్లించాలి. కార్డు అమెరికా బ్యాంకుదే కావాలి, ఇక్కడి బ్యాంకు కార్డు నడవదు. కార్డు తిరస్కరిస్తే ఫైలు మొత్తం వెనక్కొస్తుంది కాబట్టి బ్యాంకుకు ముందే చెప్పి ఉంచండి. పోస్టుకు ఒక చిరునామా, కొరియర్‌కు వేరే చిరునామా ఉంటాయి, రాష్ట్రాన్ని బట్టి మారతాయి.

రసీదు ఉత్తరం వస్తే గ్రీన్‌కార్డు గడువు 48 నెలలు పొడిగినట్టే. పాత కార్డు, ఆ ఉత్తరం కలిపి చూపాలి. కార్డున్న మనిషి వరంగల్‌లో ఉంటే ఉత్తరం అసలుదే కొరియర్‌లో తెప్పించుకోండి, విమానాశ్రయ కౌంటర్‌లో ఫోన్‌లోని ఫొటోతో వాదించడం కష్టం. బయట ఏడాది దాటితే ఆ ఉత్తరమూ కాపాడదు. ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి వెళ్ళడానికిచ్చే రీఎంట్రీ పర్మిట్‌కు ఐ-131 ఫారం అమెరికాలో ఉండగానే వేయాలి, ఇక్కడికొచ్చాక గుర్తొస్తే లాభం లేదు. వేలిముద్రల పిలుపు సాధారణంగా కార్డున్నవాళ్ళకే వస్తుంది, సిటిజన్ భర్తకు రాదు. అదనపు సాక్ష్యాలు అడిగితే 84 రోజుల దాకా ఇస్తారు, జవాబు ఒకేసారి ఒకే కట్టగా పంపాలి. ఇంటర్వ్యూ తేదీకి భర్త చేరలేకపోతే వెళ్ళకుండా ఊరుకోవద్దు. కారణం చూపి వాయిదా అడుగుతూ రాసి, పంపిన రుజువు దాచుకోండి. యూఎస్‌సీఐఎస్‌కు ఫోన్ చేయాలంటే వాళ్ళ వేళలు అమెరికా తూర్పు తీర సమయం ఉదయం 8 నుంచి రాత్రి 8, అంటే మనకు వేసవిలో సాయంత్రం ఐదున్నర తర్వాత, చలికాలంలో ఆరున్నర తర్వాత.

భర్త తిరుగు టికెట్టు ఇంకా తీయలేదు, ఎప్పుడు వెళ్తాడో తెలియదు అనే ఇళ్ళకు మాత్రం ఈ పద్ధతిని ఒక షరతుతోనే చెబుతాం. ఫైలు వేసే ముందు గంట సేపు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, ఆ ఫీజు దండగ కాదు. ఏజెంటుతో కాదు, అమెరికా బార్‌లో లైసెన్సున్న లాయర్‌తో.