భీమవరం రోడ్ల మీద మామూలు సైకిలు: ఏళ్ల తరబడి వాడాక

గేర్లు లేని 28 అంగుళాల నల్ల సైకిలు మన డెల్టా కోసమే చేశారా అన్నట్టు ఉంటుంది. నేలంతా చదును. ఎక్కి తొక్కాల్సింది ఏమన్నా ఉంటే కాలవ మీద వంతెన, అంతే. గేర్ల సైకిలే కొనమని షాపుల్లో చెబుతారు గానీ, ఎదురుగాలి బాగా ఉన్న రోజు తప్ప నాకు దాని అవసరం పడలేదు. బండి వరకు నా మాట ఒక్కటే: బాగుంది, కొనుక్కోవచ్చు. ఆ బండిని రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి, పక్కనుంచి పోయే లారీలూ కార్లూ బస్సులతో ఎలా నెట్టుకురావాలి అన్నదే పెద్ద సంగతి. కొనేముందు దాన్ని ఎవరూ చెప్పరు.

నేను ఉండేది గునుపూడి వైపు. ఉండి ఊరికి పోయే రోడ్డులో రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. రోజూ వెళ్ళి రావడం సైకిలు మీదే. వీలు కుదిరిన ఆదివారం వీరవాసరం మీదుగా పాలకొల్లు దాకా పోతుంటాను. కాబట్టి ఊళ్ళో రద్దీ, ఊరు దాటాక కాలవ గట్టు రోడ్డు, రెండూ తెలిసి రాస్తున్నాను.

బండి సంగతి త్వరగా ముగిస్తాను. రాడ్ బ్రేకులు ఎండాకాలం బాగానే పట్టుకుంటాయి. వానలో రిమ్ము తడిస్తే ఆగడానికి చాలా దూరం తీసుకుంటుంది, అందుకే వర్షాకాలానికి ముందే బ్రేకు రబ్బర్లు మార్పించండి. చెరువుల గాలికి చువ్వలు తుప్పు పడతాయి, నూనె గుడ్డతో తుడవడం మానకూడదు. గట్టు రోడ్ల మీద తుమ్మముళ్ళ వల్ల పంచర్లు తప్పవు. క్యారేజీ గట్టిది, అర బస్తా బియ్యం వేసినా కదలదు. చైను మీద కవరుంటుంది గనక పంచెతో తొక్కినా భయం లేదు.

ఇక రోడ్డు. మనది నల్లరేగడి. వేసిన రోడ్డు రెండు వానాకాలాలు గడిచేసరికి అంచులు తెగి, తారుకీ మార్జిను మట్టికీ మధ్య జానెడు లోతు పడుతుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువు. ఈ అంచు మీదే సైకిలు తొక్కాలని బండ్లవాళ్ళ అభిప్రాయం. వెనక నుంచి హారన్ కొడితే దాని అర్థం "నేను వస్తున్నాను" కాదు, "నువ్వు దిగు" అని. ముందు చక్రం ఆ జానెడు అంచులోంచి ఒకసారి జారిందంటే మళ్ళీ తారు ఎక్కడం కష్టం. రిమ్ము పక్కగా రాసుకుని సైకిలు అడ్డం తిరుగుతుంది, మనిషి పడేది కుడివైపు, అంటే బండ్ల కిందికే.

అందుకే అంచు నుంచి రెండు మూరలు లోపలికి తొక్కడం అలవాటు చేసుకున్నాను. ఎంతో ధైర్యం ఉండి చేసిన పని కాదిది, చూసి నేర్చుకున్నది. అంచు పట్టుకుని పోతుంటే వెనక బస్సు డ్రైవరు స్టీరింగ్ తిప్పడు. జాగా ఉందిగా అనుకుని అదే వేగంతో మన మోచేతిని రాసుకుంటూ పోతాడు. రెండు మూరలు లోపల ఉంటే దాటాలంటే అవతలి వైపుకి జరగాలి, ఎదురుగా బండి వస్తుంటే ఆగాలి. దానికి తిట్లు పడతాయి. పడనివ్వండి. తిట్టేవాడు మనల్ని చూశాడన్న మాటేగా. లారీ దాటేటప్పుడు దాని ముందు భాగం గాలి మనల్ని అంచుకు తోస్తుంది, తోక దాటుతుండగా అదే గాలి లోపలికి లాగుతుంది. ఆ రెండు ఊపులూ తట్టుకోవడానికి అటూ ఇటూ కాస్త జాగా కావాలి. అంచు మీద ఆ జాగా ఉండదు.

జర్మనీలో 2020 నుంచి సైకిలును దాటే బండి ఊళ్ళో ఒకటిన్నర మీటర్లు, ఊరి బయట రెండు మీటర్లు ఎడం వదలాలని నిబంధన ఉంది. బ్రిటన్ రోడ్డు నియమావళిలో 2022లో కనీసం ఒకటిన్నర మీటరని రాశారు. మన దగ్గర అలా మీటర్ల లెక్క పెట్టలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మోటారు లేని బండ్లకూ నడిచేవాళ్ళకూ రాష్ట్రాలు నిబంధనలు చేసుకోవచ్చని 138వ సెక్షన్లో చేర్చారు. నా భయమేమిటంటే, ఆ వీలును సైకిళ్ళకు జాగా ఇవ్వడానికి కాకుండా హైవే మీదికి రానివ్వకపోవడానికి వాడతారేమోనని. పామర్రు నుంచి వచ్చే 165వ జాతీయ రహదారే మాకు ఉండి రోడ్డు. పక్కన సర్వీసు రోడ్డు లేని చోట సైకిలువాడు ఇంకెటు పోతాడు? చెరువులో పడి పోలేడు కదా.

"రోడ్డు ట్యాక్సు కట్టేది మేము" అనే మాట చాలాసార్లు విన్నాను. సైకిలుకు లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు గనక రోడ్డు మీద హక్కు కూడా లేదని వాళ్ళ లెక్క. సైకిలు కొన్నప్పుడు జీఎస్టీ నేనూ కట్టాను, మునిసిపాలిటీకి ఇంటిపన్నూ కడుతున్నాను. పైగా నా సైకిలు బరువుకు రోడ్డు మీద ఒక్క గొయ్యి పడదు.

బండితో పాటు కొన్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది కుడి హ్యాండిలుకు పెట్టించిన అద్దం. మోపెడ్ అద్దమే, క్లాంపు మార్చి బిగించారు. తల తిప్పి వెనక్కి చూస్తే సైకిలు కుడివైపుకి వాలుతుంది, వెనకవాడికి మన మీద కోపం వచ్చేది అక్కడే. అద్దం ఉంటే తల తిప్పక్కర్లేదు. వెనక పెద్ద బండి, ఎదర ఇంకోటి వస్తుంటే ఎక్కడ పక్కకు తప్పుకోవాలో మనమే ముందుగా చూసుకోవచ్చు: గట్టి నేల ఉన్న చోట, కొట్టు ముందు, వంతెన మొదట్లో. హారన్‌కి అదిరిపడి దిగడం వేరు, మనమే చూసుకుని దారివ్వడం వేరు. అలా దారిచ్చినప్పుడు చెయ్యెత్తి వెళ్ళే లారీ డ్రైవర్లు చాలామందే ఉన్నారు.

ఒకరోజు ఉండిలో టీ తాగుతుంటే చేపల వ్యాను డ్రైవరొకతను తనే మాట కలిపాడు. "బాబాయ్‌గారూ, సైకిలోళ్ళంటే మాకేం కోపం లేదండి. గోతిని చూసి ఒక్కసారి ఇటొచ్చేత్తారు చూడండి, అప్పుడు గుండె ఆగినంత పనవుద్దండి. ఎదర బస్సు, ఎనకాల లోడు. ఎటు పోవాలండీ మేము?"

"మరి గోతిలోంచి పొమ్మంటావా బాబూ?" అన్నాను.

"పోవద్దండి. ముందే ఇటు జరిగి చెయ్యి సూపించండి. మేం తగ్గుతాం."

అతను చెప్పింది నిజం. అప్పట్నుంచి గొయ్యి ఇరవై గజాల ముందుండగానే అద్దంలో చూసి, చెయ్యి చాపి, నెమ్మదిగా జరుగుతున్నాను. హారన్లు బాగా తగ్గాయి. అలాగని అన్నీ సైకిలువాడి వల్లే వస్తున్నాయని కాదు. ఖాళీ రోడ్డు మీద కూడా చెవి పక్కకొచ్చి ఎయిర్ హారన్ కొట్టేవాళ్ళున్నారు. అది జంకు పుట్టించడానికే. వాళ్ళకి అద్దమూ చెయ్యీ ఏమీ పనిచేయవు, అక్కడ పోలీసు జరిమానానే పనిచేయాలి.

ఆ చేపల బండ్ల గురించే ఇంకో మాట. ఐసు కరిగిన నీళ్ళు దారి పొడుగునా కారుతుంటాయి, స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే ఒక్కసారిగా ఒలుకుతాయి. ఆ తడి మామూలు నీళ్ళ తడి కాదు, జిగురుగా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక మొదటి పది అడుగులు బ్రేకు వేయకండి, మలుపు తిప్పకండి.

రాత్రి ప్రయాణానికి వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఛార్జింగ్‌ది తీసుకున్నాను, వానకు ఒకటి పోయింది, రెండోదానికి ప్లాస్టిక్ కవరు కట్టాను. పెడళ్ళకున్న పసుపు రిఫ్లెక్టర్లు ఊడితే వెంటనే మళ్ళీ వేయించండి. ఆ రెండూ పైకీ కిందికీ ఆడుతుంటే దూరం నుంచే అది సైకిలని తెలిసిపోతుంది. మడ్‌గార్డుకు మెరిసే టేపు అతికించండి. బ్యాటరీ హారన్ కూడా పెట్టి చూశాను, దాంతో గొడవలు పెరిగాయి తప్ప దారి రాలేదు, తీసేశాను. మామూలు బెల్లు నడిచేవాళ్ళకు చాలు.

సార్వా కోతల్లోనూ దాళ్వా కోతల్లోనూ సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పెడతారు. చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనపడవు. రైతుకు కళ్ళం లేదు, ఏం చేస్తాడు. ఆ రోజుల్లో మిగిలిన సగం రోడ్డులో అందరం కలిసి పోవాలి గనక సాయంత్రం వెలుగుండగానే ఇల్లు చేరేలా చూసుకోండి. సంక్రాంతికి హైదరాబాదు కార్లు దిగే నాలుగు రోజులూ నేను సైకిలు బయటికి తీయను. గట్టు రోడ్డు అలవాటు లేనివాళ్ళు వాళ్ళు, మలుపు వెనక కాలవ ఉందని తెలియదు.

ఊళ్ళో అయితే, 2022లో భీమవరం జిల్లా కేంద్రం అయ్యాక కార్లు పెరిగాయి. జువ్వలపాలెం రోడ్డులో ఆపి ఉంచిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు, దాని పక్కనుంచి కాకుండా తలుపంత ఎడంగా పోవాలి.

నాకు అద్దం ఉంది, లైటు ఉంది, వాటికి డబ్బులు పెట్టగలిగాను. పొద్దుగూకాక పనులనుంచి తిరిగొచ్చే తాపీ మేస్త్రీల సైకిళ్ళకు వెనక చిన్న రిఫ్లెక్టరు కూడా ఉండదు. సైకిళ్ళ మీద బడికెళ్ళే ఆడపిల్లలు బడి వదిలాక గుంపుగా తొక్కుకుంటూ వస్తుంటే, వాళ్ళ వెనకే హారన్ మీద చెయ్యి తీయని కారును చూస్తే కడుపు రగిలిపోతుంది. ఆ పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన పోతారు, నిజమే. ఆ కారు ఒక్క నిమిషం వెనక నడిస్తే ఏం పోతుంది?

సైకిలు కొనడానికి వెళ్తే గేర్లకు పెట్టే డబ్బులు అద్దానికీ లైటుకూ పెట్టండి. షాపువాడు అద్దం సైకిలుకు దేనికండీ అంటాడు. బిగించి ఇచ్చేదాకా అక్కడే నిలబడండి. ఇంట్లో బడికెళ్ళే పిల్ల ఉంటే ముందు దాని సైకిలుకు పెట్టించండి.