సముద్రం పక్క సీటు వాళ్లది, పల్లె దారి డ్రైవర్‌ది

తీరం వెంబడి కారులో తిరగాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ రోడ్డు అందంగా ఉంటుందని. ఏళ్ల తరబడి ఇలాంటి దారుల్లో స్టీరింగ్ పట్టుకున్నాక ఆ విషయంలో నాకు దిగులు లేదు. పేరున్న దారులు దాదాపుగా ఆ పేరుకు తగ్గట్టే ఉన్నాయి. తేల్చుకోవాల్సింది వేరే ఉంది. బండి ఎవరు నడుపుతారు, సముద్రం ఏ చేతి వైపు ఉంటుంది, మధ్యలో ఒడ్డు వదిలి లోపలికి వెళ్లే దారి ఎంతసేపు ఉంది. ఎందుకంటే ఒడ్డు వెంబడి సాగే మలుపుల దారిలో సముద్రాన్ని నిజంగా చూసేది పక్క సీట్లో కూర్చున్నవాళ్లే. నడిపేవాళ్ల కళ్లు తర్వాతి మలుపు మీద, ఎదురొచ్చే బండి మీద ఉంటాయి, ఉండాలి కూడా. పొలాల మధ్య, చెట్ల మధ్య సాగే దారిలో ఆ బాధ లేదు. చూడాల్సింది కళ్ల ముందే ఉంటుంది. అందుకే మొత్తం ఒడ్డు పట్టుకునే పోయే ప్రయాణం కంటే, కాసేపు లోపలికి మళ్లి తిరిగి సముద్రాన్ని కలిసే ప్రయాణానికే నా ఓటు.

ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్ నాకు అంత నచ్చడానికి కారణం ఇదే. టార్కీ నుంచి అలన్స్‌ఫర్డ్ దాకా సుమారు 243 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా కష్టపడి, ఆ యుద్ధంలో పోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా వేసిన రోడ్డు ఇది. ఆ సంగతి తెలిసి నడిపితే, కొండను తొలిచి వేసిన ఒక్కో మలుపూ వేరేగా కనిపిస్తుంది. లార్న్ నుంచి అపోలో బే దాకా సముద్రం చక్రాల పక్కనే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత రోడ్డు ఒడ్డు వదిలేసి ఆట్వే అడవుల్లోకి ఎక్కుతుంది. ‘ఆ ముక్కలో సముద్రం కనపడదు, గబగబా దాటేయండి’ అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎత్తైన యూకలిప్టస్ చెట్లు, కింద తడిసిన ఫెర్న్ మొక్కలు, అద్దం దించితే చల్లటి మట్టి వాసన. అప్పటిదాకా బిగబట్టుకున్న భుజాలు అక్కడ వదులవుతాయి. లావర్స్ హిల్ దాటి కిందికి దిగి, ట్వెల్వ్ అపోసల్స్ దగ్గర మళ్లీ సముద్రం ఎదురైనప్పుడు కొత్తగా చూసినట్టే ఉంటుంది. అవి సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు. అలలు ఇప్పటికీ వాటిని కోస్తూనే ఉన్నాయి, 2005లో ఒకటి కూలిపోయింది కూడా.

ఇక ఎటు నుంచి ఎటు వెళ్లాలన్నది. బండ్లు ఎడమ పక్కన నడిచే దేశంలో సముద్రం ఎడమ చేతికి వచ్చేలా బయల్దేరాలి, కుడి పక్కన నడిచే దేశంలో కుడి చేతికి. అంటే గ్రేట్ ఓషన్ రోడ్ మీద టార్కీ నుంచి పడమటికి, కాలిఫోర్నియా హైవే 1 మీద ఉత్తరం నుంచి దక్షిణానికి. ఇలా వెళ్తే సముద్రానికీ మనకీ మధ్య ఎదురు బండ్ల వరుస ఉండదు, ఆగాలనిపించిన చోట రోడ్డు అడ్డంగా దాటకుండానే పక్కకు తీసుకోవచ్చు. అయితే ఎత్తులంటే భయపడేవాళ్లు నడుపుతుంటే నేను ఈ సలహా ఇవ్వను. వాళ్లు ఎదురు దిశలో వస్తే లోయకీ వాళ్లకీ మధ్య ఒక వరుస ఉంటుంది. వ్యూ కొంచెం తగ్గినా టెన్షన్ చాలా తగ్గుతుంది. ఇంకో విషయం, సాయంత్రం పూట పడమటికి నడపకండి. దిగే సూర్యుడు సూటిగా కళ్లలోకి కొడతాడు, అద్దం మీద పేరుకున్న ఉప్పు పొర దాన్ని ఇంకా పెంచుతుంది. మధ్యాహ్నానికల్లా నడపడం ముగించి, సూర్యాస్తమయం దిగి నిలబడి చూడాల్సిందే.

పల్లె దారుల్లో నాకు బాగా నచ్చినవి స్కాట్లండ్ హైలాండ్స్‌లోని ఒకే బండి పట్టే రోడ్లు. చూడగానే గుండె గుభేలుమంటుంది. ఎదురుగా ట్రాక్టరు, ఇటు రాతి గోడ, అటు గొర్రెలు. కానీ దారి పొడవునా అక్కడక్కడా రోడ్డును కాస్త వెడల్పు చేసి, పక్కకు తప్పుకునే చోట్లు కట్టారు. ఆ చోటు మన ఎడమకు ఉంటే అందులోకి తిప్పి ఆగాలి. కుడికి ఉంటే మనం రోడ్డు మీదే దానికి ఎదురుగా ఆగాలి, ఎదుటివాళ్లు అందులోంచి వెళ్తారు. వెనకాల తొందరగా వెళ్లాలనుకునే బండి ఉంటే దానికీ అక్కడే దారి ఇవ్వాలి. ఫొటోల కోసం అక్కడ బండి ఆపడం మాత్రం తప్పు. ఈ పద్ధతి అలవాటయ్యాక చూపు సహజంగానే ముందున్న రెండు మలుపుల దాకా వెళ్తుంది. ట్రాక్టరు నడిపేవాళ్లు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి థ్యాంక్స్ చెప్పి వెళ్తారు, మనమూ వేలెత్తుతాం. రోజంతా అలా పలకరించుకుంటూ పోవడం పెద్ద హైవేల మీద దొరకదు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. తీరం రోడ్డును నమ్మి ప్రయాణాన్ని గంటల లెక్కన ప్లాన్ చేసుకోలేం. కొండ అంచున వేసిన రోడ్డు మీద చరియలు పడతాయి. కాలిఫోర్నియా హైవే 1 మీదే, బిగ్ సర్ దగ్గర 2017లో మడ్ క్రీక్ వద్ద కొండ విరిగి రోడ్డు మీద పడితే, అక్కడ రాకపోకలు తిరిగి మొదలైంది 2018 జులైలో. అలాంటి చోట పక్క దారులు కూడా తక్కువ, వెనక్కి తిరిగి దూరంగా చుట్టి రావాల్సిందే. ముందురోజు రాత్రి, బయల్దేరే పొద్దున రోడ్ల శాఖ సమాచారం చూసుకోవడం నాకు అలవాటైపోయింది. మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, చూపించడానికి మ్యాపే ఉండదు. ఆ మ్యాపు చెప్పే సమయాన్ని కూడా ఉన్నదున్నట్టు నమ్మొద్దు. అందులో మనం మధ్యలో ఆగే సమయం ఉండదు. నేనైతే అది చెప్పినదానికి సగం కలుపుకుని, ఆ లెక్కకు రోజు సరిపోకపోతే దూరం తగ్గించుకుంటాను.

సామాన్లలో నిజంగా పనికొచ్చింది పోలరైజ్డ్ కళ్లద్దాలు. నీటి మీద, తడి రోడ్డు మీద మెరుపును బాగా తగ్గిస్తాయి. కొన్ని ఫోన్లు, డాష్‌బోర్డు తెరలు మాత్రం వాటిలోంచి ఒక కోణంలో నల్లగా కనిపిస్తాయి, బయల్దేరే ముందే పెట్టుకుని చూసుకోండి. అద్దం మీద ఎండిన ఉప్పును వైపర్‌తో పొడిగా తుడిస్తే మసక ఇంకా పెరుగుతుంది, ముందు నీళ్లు ధారాళంగా కొట్టాలి. మలుపుల్లో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి, దూరంగా చూస్తూ ఉంటే చాలావరకు తగ్గుతుంది. పొడవైన దిగుడులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేర్‌లో దిగండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది.

ఒడ్డున రాత్రంతా ఆపిన బండికి పొద్దున్నే బ్రేకు డిస్కుల మీద పల్చటి నారింజ రంగు తుప్పు కనిపిస్తుంది. మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది, తర్వాత పోతుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. కాసేపు నడిపాక కూడా శబ్దం పోకపోతే మెకానిక్‌కు చూపించండి. ఇంటికి రాగానే పైన కడిగి ఊరుకోవద్దు, బండి అడుగు భాగం, చక్రాల పైనుండే లోపలి వంపులు మంచినీళ్లతో గట్టిగా కొట్టించండి. ఉప్పు నిలిచిపోయేది అక్కడే.