35 తీసి 43 వేశాక

పోయిన ఆదివారం ఇంటికొచ్చి సైకిల్ ముందు టైరులో దిగిన పల్లేరు ముళ్ళు లెక్కపెడితే పదకొండు. ఇది ట్యూబ్‌లెస్ టైరు, అంటే ట్యూబు ఉండదు, చిల్లులు పూడ్చే సీలెంట్ అనే ద్రవం లోపల పోస్తాం. ఒక్కోటి పీకినప్పుడల్లా స్స్‌మంటూ తెల్లటి సీలెంట్ చుక్క పైకొచ్చింది, చక్రం ఓసారి తిప్పేసరికి అక్కడే గడ్డకట్టి ఆగింది. పదకొండూ పీకాక గాలి 32 పీఎస్‌ఐ నుంచి 29కి దిగింది, అంతే. రెండేళ్ళ కిందట ఇవే ముళ్ళకి శంకర్‌పల్లి రోడ్డు పక్కన ఒకే పొద్దున మూడు ట్యూబులు మార్చినవాణ్ణి. అందుకే ఈ టైర్ల గురించి రాయాలనిపించింది.

నాకు 47 ఏళ్ళు, 82 కిలోలు, ఇల్లు హైదరాబాద్‌లో లింగంపల్లి దగ్గర. రేసులూ మెడల్సూ ఏమీ లేవు. ఆదివారం చీకటితో బయల్దేరి మోమిన్‌పేట వైపు పోవడం, ఓపికుంటే అనంతగిరి కొండ ఎక్కడం, ఎండ ముదిరితే వికారాబాద్‌లో ఎలాగోలా సైకిల్ని రైలెక్కించి తిరిగి రావడం. దారిలో సగం తారు, మిగతాది మొరం, పొలాల మధ్య బండి బాట. టైరు ఎంపికకి ముందు ఎవరైనా చూసుకోవాల్సింది ఈ లెక్కే. అమెరికాలోని కాన్సస్‌లో మట్టిరోడ్ల మీద జరిగే అన్‌బౌండ్ సైకిల్ రేసులో ఎవరు ఏ టైరు వేశారో నేనూ చూస్తాను, సరదాగా ఉంటుంది. కానీ అక్కడ కోసేది చెకుముకి రాయి, ఇక్కడ గుచ్చేది తుమ్మముల్లు.

బండితో పాటు వచ్చిన టైర్లు 35 మిల్లీమీటర్లవి. కంపెనీ పేరు అనవసరం. ట్రాక్టర్ టైరులా దూరం దూరంగా పెద్ద బటన్లు. చూడటానికి భలే ఉన్నాయి. అమ్మినాయన 60 పీఎస్‌ఐ కొట్టి, "గట్టిగా ఉంటేనే సార్ పంక్చర్ కాదు" అన్నాడు. నేనూ నమ్మాను. తారు మీద తుమ్మెదల గుంపు వెంటపడినట్టు ఒకటే రొద. మొరం మీదికి దిగితే గులకరాయి గులకరాయికీ బండి ఎగిరేది, ఇంటికొచ్చాక టీ గ్లాసు పట్టుకుంటే వేళ్ళు ఇంకా వణికేవి. ఆఖరికి అనంతగిరి దిగుడులో ఓ రాయి వెనక టైరు పక్కగోడని బొటనవేలి గోరంత మేర చీల్చింది. ట్యూబు అందులోంచి బుడగలా తొంగిచూసింది. చిప్స్ ప్యాకెట్ మడిచి లోపల పెట్టి, గాలి సగమే కొట్టి, వికారాబాద్ స్టేషన్ దాకా నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చాను.

విచిత్రం ఏంటంటే, ఆ సగం గాలితో తొక్కిన దారే ఆ రోజు మొత్తంలో సుఖంగా అనిపించింది. అప్పుడు వెలిగింది బల్బు: నాకు కావాల్సింది తక్కువ గాలితో నడిచే వెడల్పు టైరు.

కొత్తవి కొనేముందు ఫ్రేము కొలిచాను. వెనక చక్రం దగ్గర రెండు గొట్టాల మధ్య సందు, టైరు అతి వెడల్పుగా ఉండే చోట, నా బండికి 56 మిల్లీమీటర్లు. కంపెనీ వాళ్ళు 45 దాకా పడుతుందని రాశారు. పక్కకి కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం నా పద్ధతి. కొలిచే వెర్నియర్ లేకపోయినా పర్వాలేదు, టైరుకీ గొట్టానికీ మధ్య 5 మిల్లీమీటర్ల మందం ఎలెన్ కీ (బోల్టులు తిప్పే ఆరు పలకల తాళం) ఎక్కడా తగలకుండా తిరిగిందంటే సరిపోయినట్టే. మడ్‌గార్డ్ వేసుకునేవాళ్ళు ఇంకో సైజు తగ్గించుకోవాలి.

టైరు పక్కన 43-622 అని ఉంటుంది, చూసేది ఆ నంబరే. మొదటిది వెడల్పు, రెండోది టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం. 700సి అనేది ఈ సైజుకి పాత పేరు, నా చక్రంలో దేన్ని కొలిచినా 700 రాదు. వెడల్పు కూడా రాసినంతే ఉంటుందని నమ్మొద్దు, రిమ్ము లోపలి వెడల్పుని బట్టి మారుతుంది. నా రిమ్ములు 23 మిల్లీమీటర్లవి. ఎక్కించిన మర్నాడు కొలిస్తే 43.5, నెల తర్వాత 44 దాటింది. గాలికి టైరు సాగుతుంది కదా. 45 కొనుంటే ఆ ఎలెన్ కీ కచ్చితంగా తగిలేది.

అలా పానారేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కే, 43 సైజు తీసుకున్నాను. జపాన్ సరుకు. జత 9,400 పడింది, వాల్వులు, సీలెంట్ అదనం. ఇంట్లో 'సైకిల్ టైర్లు' అని మాత్రమే చెప్పాను, ధర అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఈ టైరు మధ్యలో చిన్న చిన్న చదరపు బటన్లు, వేలి గోరు కూడా దూరనంత దగ్గరగా ఉంటాయి. అంచుల్లో కాస్త పెద్దవి. నిటారుగా తారు మీద పోతుంటే మధ్య భాగమే నేలకి ఆనుతుంది, అక్కడ రబ్బరు దాదాపు పరుచుకున్నట్టే ఉంది కాబట్టి రొద తక్కువ, ఊగులాట తక్కువ. మలుపులో వంగినప్పుడు అంచు బటన్లు మొరాన్ని పట్టుకుంటాయి. గట్టి నేల మీద పొడి గులకరాళ్ళు గోళీల్లా దొర్లే చోట పెద్ద బటన్ టైరు వాటి మీద నిలబడి జారేది, ఇది వాటి మీద పరుచుకుపోతుంది. ఆ తేడాలో ఎక్కువ వాటా వెడల్పుది, తక్కువ గాలిది. డిజైన్ది ఆ తర్వాత. కొనేవాళ్ళు డిజైన్ చూసి కొంటారు, నేనూ అలాగే కొన్నాను మొదటిసారి.

వెడల్పు పెరిగితే బండి బరువెక్కి నెమ్మదిస్తుందేమో అని నాకూ టెన్షన్ ఉండేది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది కదా, నార్సింగి నుంచి కొల్లూరు వైపు. అక్కడ పాత టైర్లతో ఒక రోజు, కొత్తవాటితో ఒక రోజు ఒకే గుండె వేగంతో తొక్కి చూశాను. వెళ్ళిరావడానికి పట్టిన టైములో తేడా నిమిషం లోపే, అదీ కొత్తవాటి వైపే. గాలి ఎటు వీచిందో ఎవరికి తెలుసు, కాబట్టి దాన్ని సైన్సు అనను. నెమ్మదించలేదని మాత్రం చెప్పగలను.

గాలి సంగతి. మొదటి వారం భయంతో 45 పీఎస్‌ఐ కొట్టాను, పెద్ద తేడా తెలియలేదు. ఆ తర్వాత వారానికి రెండేసి పీఎస్‌ఐ దించుతూ పోయాను. వెనక 28కి వచ్చిన రోజు ఓ రాయి మీద రిమ్ము ఠంగున మోగింది, ప్రాణం అక్కడే పోయింది. ఇప్పుడు ముందు 32, వెనక 36. నా బరువుకి ఇది సరిపోయింది, 65 కిలోల మనిషికి ఇంకా తగ్గించొచ్చు. పెద్ద పంపు గేజ్ ముల్లు ఇంత తక్కువ అంకెల దగ్గర నిజం చెప్పదు, చిన్న డిజిటల్ గేజ్ కొనుక్కోండి. పొద్దున కొట్టిన గాలి మధ్యాహ్నం ఎండకి రెండు మూడు పీఎస్‌ఐ పెరుగుతుందని కూడా దానివల్లే తెలిసింది. సీలెంట్ మన ఎండలకి త్వరగా ఆరిపోతుంది. నేను రెండు నెలలకోసారి పోస్తున్నాను, ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ముందే.

బురద గురించి అడుగుతారు. ఎర్రమట్టి అయితే వాన వెలిసిన గంటకి నీళ్ళు దిగిపోతాయి, ఈ బటన్లే చాలు. నల్లరేగడి వేరే కథ. నవంబర్లో ఒకసారి మోమిన్‌పేట దగ్గర పత్తిచేల మధ్య బాటలోకి వెళ్ళాను, ముందురోజు వాన పడిందని తెలియదు. రెండొందల మీటర్లు పోయేసరికి మట్టి టైరుకి అట్టలు అట్టలుగా చుట్టుకుని, ఫ్రేము సందులో కూరుకుపోయి, చక్రం తిరగడమే మానేసింది. కంది కట్టెతో గోకుతూ కూర్చుంటే ఓ రైతు ఆగి చూశాడు.

"ఈ రేగట్ల ట్రాక్టరే దిగవడ్తది, నీ సైకిలెంత సారూ."

ఏ డిజైన్ వేసినా ఆ మట్టికి లెక్కలేదు. వానాకాలంలో అటు తొక్కాలనే పట్టుదల ఉంటే సన్నటి టైరు వేసి ఫ్రేములో సందు పెంచుకోవడమే కాస్త మేలు. నేనైతే ఆ నెలల్లో ఆ దారికి పోను.

ఇప్పటికి 2,300 కిలోమీటర్లు అయ్యాయి. ముందుది కొత్తదానిలాగే ఉంది. వెనకది మధ్యలో అరిగి నున్నబడింది, నా బరువంతా అక్కడే కదా. ముందు చక్రం జారితే పడిపోతాం, వెనకది జారితే సర్దుకోవచ్చు. అందుకని పట్టు ఎక్కువున్నది ఎప్పుడూ ముందుకే. వెనకాలకి ఈసారి అదే కంపెనీ ఎస్‌ఎస్ చెప్పాను, మధ్యలో నున్నగా ఉండి అంచుల్లో మాత్రమే బటన్లుండే రకం, సైజు అదే 43.

పాతది ఏం చేయాలా అనుకుంటూ మా వీధి చివర పంక్చర్ షాపుకి తీసుకెళ్ళాను. అక్కడి భాయ్‌కి ట్యూబ్‌లెస్ సైకిల్ అంటే ఇప్పటికీ నవ్వులాటే, తన నీళ్ళ తొట్టికి పని లేకుండా చేశానంటాడు. టైరుని రెండు చేతుల్తో వంచి చూసి, "పారేయకు సార్, మస్తుంది రబ్బరు" అని కత్తెరతో అరచేయంత ముక్క కోసి ఇచ్చాడు. పక్కగోడ చినిగితే లోపల వేసుకోవడానికట. ఇప్పుడది చిప్స్ ప్యాకెట్ బదులు సీటు కింద సంచిలో ఉంది. మిగతా టైరు ఆయనే ఉంచుకున్నాడు.