రోల్ బార్ లంగరు: ఆరు వేసవుల తర్వాత

రోల్ బార్ లంగరంటే పలక వెనక వంపు తిరిగిన కమ్మీ ఉండే రకం; బోర్లా పడ్డా ఆ కమ్మీ దాన్ని సరిగ్గా తిప్పుతుంది. మొదటి వేసవిలో ఈ లంగరుని "వేసి నిద్రపోవచ్చు" అంటూ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తెగ పొగిడాను. అందులో చాలావరకు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మేం తిరిగేదంతా సియాటెల్‌కి ఉత్తరాన ఉన్న శాన్ హువాన్ దీవుల మధ్యే. అంతకుముందు పడవతో పాటు వచ్చిన పాత లంగరు నాగలి రకం. జి.ఐ. టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త 1933లో కనిపెట్టిన డిజైన్. అడుగున గడ్డి ఉంటే దానికి పట్టు దొరికేది కాదు. మూడోసారి ఎత్తి వేస్తుంటే పక్క పడవలవాళ్లు కాఫీ కప్పులతో బయటికొచ్చి చూసేవాళ్లు. ఈ రోల్ బార్‌ది కొన్నాక వాళ్లకా తమాషా లేకుండా పోయింది. స్పెన్సర్ స్పిట్‌లోనూ రీడ్ హార్బర్‌లోనూ ఇంజన్ రివర్స్‌లో వేయగానే గొలుసు బిగుసుకుని పడవ నిలబడిపోతుంది.

పోయిన సెప్టెంబర్‌లో సూషా దీవిలోని ఎకో బేలో ఆగాం. లోతు 25 అడుగులు, రాత్రి పోటుకి ఇంకో 8, పడవ ముక్కు ఎత్తు 4. మొత్తం 37కి ఐదింతలు లెక్కేసి 185 అడుగుల గొలుసు వదిలాను. లెక్కలో తప్పేం లేదు. సాయంత్రం గాలి వాయవ్యం నుంచి. రాత్రి రెండింటికి ఆగ్నేయానికి తిరిగింది. ఆ బే నోరు తెరుచుకుని ఉండేది అటే. పడవ చోటు మారితే మోగే ఫోన్ అలారం మోగేలోపే మా ఆవిడ లేచింది: "ఏమండీ, ఆ పడవ లైటు ఇందాక ఇంత దగ్గర లేదు!"

ఇంజన్ వేసి లంగరు పైకి లాగితే, బార్‌కీ పలకకీ మధ్య బూడిద రంగు బురద ముద్ద, గంగాళమంత. మా గుంటూరు రేగడిలో పదును చూసుకోకుండా అరక కడితే కర్రుకి మట్టి పట్టేస్తుంది చూడండి, అచ్చం అలా. పడవ తిరిగినప్పుడు లంగరు ఊడి, ఆ ముద్దతోనే అడుగున జారింది. మొన మట్టితో కప్పుకుపోతే ఇంకేం దిగుతుంది? హెడ్ ల్యాంప్ పెట్టుకుని, ముక్కు మీద బోర్లా పడుకుని కొక్కెం కర్రతో అరగంట గోకాను. మళ్లీ వేస్తే మొదటిసారికే పట్టింది, ఆ మాట కూడా చెప్పాలి.

కాబట్టి "వేసి నిద్రపోవచ్చు" అని అప్పట్లో అన్నదాన్ని కాస్త సవరించుకుంటున్నాను. ఇసుకలో అయితే నిద్రపోవచ్చు. జిగురు బురదలో, గాలి తిరుగుతుందని ఫోర్‌కాస్ట్ ఉంటే అలారం దిండు కిందే ఉండాలి. ఇప్పుడు ముక్కు దగ్గర కడగడానికి పంపు, గొట్టం పెట్టించాను. మాది 32 అడుగుల పడవ, ఏడాదికి పాతిక రాత్రులకి మించి తిరగం. ఆ మాత్రానికి మళ్లీ లంగరు మార్చే ఉద్దేశం లేదు. మా ఆవిడ మాత్రం ఎకో బే పేరెత్తితే, పడవ కట్టుకునే బోయ్ (నీళ్లలో తేలే బుంగ) ఖాళీగా ఉంటేనే ఆగుదాం అంటోంది.