మూడేళ్ళు వాడిన కుక్క ట్రిమ్మర్, దానికంటే ఎక్కువ పనిచేసిన దువ్వెన

మా బన్నుగాడు షిట్జూ జాతి కుక్క. పిల్లగా ఉన్నప్పుడు నెలన్నరకోసారి సెలూన్‌కి తీసుకెళ్ళేవాళ్ళం. స్నానం, కటింగ్, గోళ్ళు కలిపి పన్నెండు వందలు. సత్యనారాయణపురం నుంచి రానూపోనూ ఆటో ఖర్చు వేరే. ఒకసారి పొట్ట కింద ఎర్రగా కమిలిన మచ్చలతో చేతికిచ్చారు. బ్లేడు కాలిపోతున్నా ఆపకుండా లాగించేశారన్నమాట. అదేంటని అడిగితే "వాడికి వేడి చేసిందేమో మేడమ్" అన్నారు. ఆ కోపంలోనే 2022 ఫిబ్రవరిలో కార్డ్‌లెస్ ట్రిమ్మర్ కిట్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను. రెండు వేల రెండొందలు. మూడేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నా.

డబ్బాలో ట్రిమ్మర్, దానికి తగిలించే 3, 6, 9, 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దువ్వెనలు, ఒక కత్తెర, గోళ్ళ కట్టర్, ఆకురాయి ఉన్నాయి. ఆ కత్తెరతో కొత్తిమీర కట్ట కూడా తెగదు. మొదటి వారమే పక్కన పడేశాను.

మిషన్ చప్పుడు తక్కువే, కానీ కుక్కకి ఆ తక్కువ కూడా ఎక్కువే. మూడు రోజులు వాడు అన్నం తింటుంటే పక్కన ఊరికే ఆన్ చేసి పెట్టా. నాలుగో రోజు మిషన్ వెనక భాగాన్ని వాడి వీపు మీద ఆనించా. కదల్లేదు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా అలవాటైంది గానీ మూతి దగ్గరికి వెళ్తే ఇప్పటికీ తల తిప్పేస్తాడు. అక్కడ మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరే గతి.

కిందున్న పళ్ళు స్టీలు, పైన కదిలేది సిరామిక్. సిరామిక్ తొందరగా వేడెక్కదు, నిజమే. కానీ ఒకసారి చెయ్యి జారి గచ్చు మీద పడగానే పన్ను విరిగింది. కొత్త బ్లేడు నాలుగొందల యాభై. సిరామిక్ అయినా సరే, పది నిమిషాలకోసారి ఆపి బ్లేడుని నా మణికట్టు లోపలి వైపు ఆనించి చూస్తా. నాకు చురుక్కుమంటే వాడికీ అంతే. నూనె సంగతిలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కిట్‌లో ఇచ్చిన చిన్న సీసా అయిపోతే కొబ్బరి నూనె వేశా. నెలకల్లా జుట్టూ నూనే కలిసి బ్లేడు మధ్యలో జిడ్డు ముద్ద కట్టాయి. ఇప్పుడు కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు, అంతే.

అన్నిటికంటే చిరాకు పెట్టింది ఆ 12 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దువ్వెన. కాస్త గట్టిగా నొక్కితే ఊడొస్తుంది. అలా ఊడిందని చూసుకోకుండా ఒక్క లాగు లాగేసరికి వీపు మధ్యలో పాపిడి తీసినట్టు తెల్లటి గీత. ఆ గీత మాయమవడానికి రెండు నెలలు పట్టింది. బ్యాటరీ కొత్తలో గంటన్నర వచ్చేది, ఇప్పుడు పాతిక నిమిషాలు. మొన్న మే నెలలో కుడివైపు పూర్తయ్యాక ఛార్జి అయిపోయింది, అప్పుడే కరెంటూ పోయింది. ఆ సాయంత్రం సగం కటింగ్‌తోనే వాకింగ్‌కి వెళ్ళాడు. వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంత చెప్పినా అసలు పని ట్రిమ్మర్‌ది కాదు. విడిగా మూడొందలు పెట్టి కొన్న స్టీలు దువ్వెనది. సగం పళ్ళు ఎడంగా, సగం దగ్గరగా ఉండే రకం. షిట్జూ జుట్టు మన జుట్టులాగే పెరుగుతూనే ఉంటుంది. నాలుగు రోజులు దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద జడలు కడుతుంది. ఆ జడల మీద ఎంత ఖరీదైన ట్రిమ్మరైనా ముందుకి పోదు. మొదట్లో నేను ముందు స్నానం చేయించి తర్వాత దువ్వేదాన్ని. తడిస్తే అవి తడిసిన తాడు ముడిలా ఇంకా బిగుసుకుంటాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు పొడిగా ఉన్నప్పుడే కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్ళతో ముడిని విడదీసి, మొదళ్ళ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని చివర్ల నుంచి దువ్వుకుంటూ పైకి వస్తా. మొదలు పట్టుకుంటే చర్మం లాగదు, వాడూ ఊరుకుంటాడు.

విడిపోని ముడిని కత్తెరతో తీయబోయి ఒకసారి చెవి అంచు కోశాను. ఆ ముడిలోకి చర్మం కూడా లేచి వస్తుంది, పైకి కనబడదు. వాడు తల విదిలించేసరికి బాల్కనీ గోడ నిండా రక్తపు చుక్కలు. నాకు చేతులు వణికిపోయాయి. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివే మా బాబాయి కొడుక్కి ఫోన్ చేస్తే, "అక్కా, ముందు శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా పట్టుకో, మధ్య మధ్యలో తీసి చూడకు" అన్నాడు. పది నిమిషాలకి ఆగింది. అప్పటి నుంచి ముడి కిందికి, చర్మానికి ఆనుకునేలా దువ్వెన దూర్చి, దాని పైనుంచే ట్రిమ్మర్ పోనిస్తా.

స్నానం ఉదయం ఆరింటికే. మన బెజవాడ ఎండాకాలంలో పదయ్యేసరికి ట్యాంకు నీళ్ళు కాగిపోతుంటాయి, ఆ నీళ్ళు కుక్క మీద పోయలేం. ఏడాది పాటు పిల్లల షాంపూ వాడితే పొట్టు రాలి ఒకటే గోక్కునేవాడు. మన చర్మానికి ఆమ్ల గుణం ఎక్కువట, కుక్కలది తటస్థానికి దగ్గరట. కుక్కల షాంపూకి మారాక తగ్గింది. వానాకాలంలో మాత్రం టవల్‌తో తుడిచి వదిలేస్తే చాలదు. ఒకసారి లోపల తడి మిగిలిపోయి మెడ దగ్గర పుండులా వచ్చింది. డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి మొదళ్ళ దాకా ఆరబెట్టాల్సిందే. ఇందులోనే అరగంట పోతుంది.

గోళ్ళకి తర్వాత కొన్న గ్రైండర్ దండగ. పాదం మీద జుట్టు దానికి చుట్టుకుంటుంది. కిట్‌లోని కట్టరే నయం. నల్ల గోళ్ళలో రక్తనాళం కనబడదు కాబట్టి కొనలు మాత్రమే కొద్దికొద్దిగా కోస్తా. పొరపాటున రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కిపెడతా. అరికాళ్ళ మెత్తల మధ్య జుట్టు తీయడం మాత్రం ట్రిమ్మర్ బాగా చేసే పని. అది పెరిగితే మా టైల్స్ మీద స్కేటింగ్ చేసేస్తాడు. అక్కడే, వేళ్ళ సందుల్లోనే, గోమార్లు దాక్కునేది. సెలూన్‌లో ఎప్పుడూ చూపించలేదు, ఇంట్లో మొదలుపెట్టాకే కనబడ్డాయి. మందు మాత్రం డాక్టరు చెప్పిందే. తోక కింద, మలద్వారం పక్కనుండే గ్రంథుల్ని నొక్కి అందులో నిండిన ద్రవం తీయించడం కూడా ఆయన దగ్గరే, వీడియోలు చూసి నేను ప్రయత్నించను.

అందరూ అడిగేది సమ్మర్ కటింగ్. "ఎండలకి గుండు చేయించెయ్యమ్మాయ్, ప్రాణం చల్లబడుతుంది" అని అత్తయ్య ఏటా అంటారు. కుక్కలు ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడవు, ఎక్కువగా రొప్పి చల్లబడతాయి. చర్మం బయటపడితే ఎండ నేరుగా కాలుస్తుంది. అందుకే 12 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా తీయను. కింది ఫ్లాట్ వాళ్ళ పొమేరియన్‌కి నున్నగా గీయించారు, ఏడాదైనా జుట్టు అక్కడక్కడే వచ్చింది. ఇలా లోపల దట్టమైన మెత్తటి పొర కూడా ఉన్న జాతులు మీ ఇంట్లో ఉంటే ట్రిమ్మర్ కొనకండి, మంచి బ్రష్ కొనుక్కోండి.

ఈ మోడలే మళ్ళీ కొంటానా అంటే కొనను. వైరున్నది తీసుకుంటా. సెలూన్‌కి మాత్రం ఈ మూడేళ్ళలో రెండేసార్లు వెళ్ళాం, రెండూ నా చెయ్యి బెణికినప్పుడే. ఇప్పటికీ ట్రిమ్మర్ డబ్బా మూత తీసిన చప్పుడు వినబడితే చాలు, వాడు అత్తయ్య మంచం కిందికి దూరతాడు. కుక్కని ఇంట్లోకి రానివ్వనని మూడు రోజులు అలిగిన అత్తయ్యే ఇప్పుడు మారీ బిస్కెట్ పట్టుకుని మంచం పక్కన కూర్చుని, "రా నాన్నా, అయిపోయింది, ఇంక చెయ్యదులే" అని అబద్ధమాడి బయటికి రప్పిస్తారు.