బోట్ లిఫ్ట్ రివ్యూ: కేప్ కోరల్, ఉప్పునీళ్ళ కెనాల్

ఫ్లోరిడాలో కేప్ కోరల్ వైపు కెనాల్ మీద ఇల్లు కొన్న మనవాళ్ళు ఈమధ్య బోటుని నీళ్ళలోంచి పైకెత్తి ఉంచే లిఫ్ట్ ఏది పెట్టించుకోవాలి అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. ఈ ఊళ్ళో 400 మైళ్ళ కెనాల్స్ అంటారు, కొన్ని మంచినీళ్ళవి, కొన్ని గల్ఫ్‌లోకి దారున్న ఉప్పునీళ్ళవి, మాది రెండోది. బోటు 24 అడుగుల సెంటర్ కన్సోల్ (స్టీరింగు మధ్యలో ఉండే రకం), లిఫ్ట్ నాలుగు పైల్స్ (నీళ్ళలో పాతిన స్తంభాలు) మీద నిలబడే అల్యూమినియం క్రేడిల్ (బోటు కూర్చునే చట్రం) టైపు, 10,000 పౌండ్ల బరువు ఎత్తేది. లిఫ్ట్‌కి 5కి 4.5 ఇస్తా, కట్టినవాళ్ళకి 3.5.

ఉప్పునీళ్ళలో బోటు అలాగే వదిలేస్తే అడుగుభాగం నిండా బార్నకిల్స్ (గట్టి పెంకుల చిన్న సముద్రజీవులు) పట్టేస్తాయి, మళ్ళీ గీకించడం, బాటమ్ పెయింట్ వేయించడం, అదో గోల. పైకెత్తి మంచినీళ్ళతో కడిగేస్తే ఆ బాధ లేదు. మా నాన్నగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు చూసి ఉప్పాడలో పదిమంది పట్టి ఒడ్డుకి లాగేస్తార్రా దీనికి ఇంత ఖర్చా అన్నారు, ఇక్కడ ఒడ్డంతా సీవాల్ అని గోడ ఉంటుంది నాన్నా ఇసక ఎక్కడుంది అన్నా.

ఇక అసలు విషయం, బరువు. బ్రోచర్‌లో డ్రై వెయిట్ (పెట్రోలు, సామాను లేకుండా బరువు) అని రాసిన అంకె చూసి లిఫ్ట్ కొనకండి, చాలాసార్లు అందులో ఇంజినే ఉండదు! 300 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ అంటే 500 పౌండ్ల పైమాటే, పెట్రోలు గాలన్‌కి 6 పౌండ్లు వేసుకున్నా 100 గాలన్లకి 600, ఇంకా బ్యాటరీలు, యాంకరు, ఐస్ బాక్సు, అవన్నీ కలిపితే మాది 6,500 దగ్గరికొచ్చింది. ఒక సేల్స్ ఆయన 7,000 పౌండ్లది సరిపోతుంది సార్ అన్నాడు, నాకు నచ్చలేదు. ఎందుకంటే బోటు లిఫ్ట్ మీదున్నప్పుడు డ్రెయిన్ ప్లగ్ (అడుగున నీళ్ళు పోయే రంధ్రానికి పెట్టే బిరడా) తీసి ఉంచాలి, ఎవరైనా మర్చిపోయినా చెత్త అడ్డంపడినా ఇక్కడి వానకి లోపల నీళ్ళు నిండిపోతాయి, ఘనపు అడుగు నీళ్ళే 62 పౌండ్లు, ఇక లెక్క మీరే వేసుకోండి.

బ్రాండ్ గురించి జనం కొట్టుకుంటారు గానీ గోల్డెన్, నెప్ట్యూన్, హై-టైడ్ అన్నీ ఫ్లోరిడా కంపెనీలే, ఉప్పునీళ్ళ సంగతి తెలిసినవే. నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది పైల్స్ మీద, కేబుల్స్ మీద. కొటేషన్లలో పెద్ద తేడా వచ్చింది కూడా అక్కడే, ఒకళ్ళు పైల్స్, కరెంటు పని కలిపి చెప్తారు, ఇంకొకళ్ళు ఉత్త లిఫ్ట్ ధర చెప్పి తక్కువకిస్తున్నట్టు కనిపిస్తారు. చెక్క పైల్ అయితే ట్రీట్ చేసినదే ఉండాలి, నీళ్ళు తగిలే భాగానికి ర్యాప్ (చుట్టూ తొడిగే ప్లాస్టిక్ పొర) కూడా వేయించాలి, లేకపోతే సముద్రపు పురుగులు లోపల్నుంచి తినేస్తాయి. కేబుల్స్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి, అవీ శాశ్వతం కాదు, కింద పుల్లీ చుట్టూ తిరిగే చోట పోగులు తెగుతున్నాయేమో అప్పుడప్పుడు చూసుకోవాలి.

రెండువైపులా వేరేవేరే మోటార్లు ఉండటం బావుంది, ఒకవైపు వాలితే దాన్నొక్కదాన్నే సరిచేసుకోవచ్చు. 240 వోల్టుల లైను, నీళ్ళ పక్కన, కాబట్టి జీఎఫ్‌సీఐ ప్రొటెక్షన్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) విషయంలో బేరాల్లేవు. క్రేడిల్ ఎంత లోతుకి దిగుతుందో కూడా ముందే అడగండి. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా కొడితే కెనాల్‌లో నీళ్ళు బయటికి లాగేస్తుంది, అప్పుడు బోటు బంక్స్ (క్రేడిల్ మీద బోటు ఆనుకునే దూలాలు) మీద నుంచి తేలనే తేలదు.

కట్టినవాళ్ళకి మార్కులు ఎందుకు తగ్గించానంటే, పర్మిట్, పైల్స్ పాతడం శుభ్రంగా చేశారు, పైల్స్ నిటారుగా ఉన్నాయి, సంతోషం. కానీ బంక్స్‌ని మా బోటు అడుగు ఆకారానికి సరిపెట్టకుండా ఏదో అందాజాగా బిగించి వెళ్ళిపోయారు, బరువంతా ఒకే చోట పడుతోంది, ఫోన్లు చేసి చేసి పిలిపించాల్సొచ్చింది. ఎలక్ట్రీషియన్ వాళ్ళ మనిషి కాదట, అతని కోసం విడిగా ఎదురుచూపులు. చివరి పేమెంట్ మాత్రం బోటు ఎక్కించి, దించి చూపించాకే ఇవ్వండి.

తుఫాను సంగతి. 2022 సెప్టెంబర్ 28న ఇయాన్ ఇక్కడికి దగ్గర్లోనే కాయో కోస్టా దగ్గర తీరం దాటింది, నీళ్ళు పైకొస్తే బోటు క్రేడిల్ మీద నుంచి తేలిపోతుంది, అందుకే ఇంకా పైకెత్తుకునేలా నేను పొడవు పైల్స్ అడిగా. అయినా పెద్ద తుఫానుకి లిఫ్ట్ మీద వదిలేయడం భద్రం కాదు, ట్రైలర్ మీద లోపలికి తీసుకుపోవడమే నయం. కానోపీ కూడా పెట్టించుకోమన్నారు, వద్దన్నాం, గాలొస్తుందంటే ముందు విప్పాల్సిన గుడ్డ అదే కదా.