సర్పంచా, ఎంపీటీసీనా? మొదటిసారి నిలబడే ఆడవాళ్లకు ఏది మేలు

పంచాయతీ ఎన్నికల మాట ఎక్కడో వినబడిందంటే చాలు, మా డ్వాక్రా సంఘాల మీటింగులో అప్పుల లెక్కలు అయిపోయాక ఒకరిద్దరు వెనక ఆగిపోతారు. చాప చుట్టేస్తూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అడుగుతారు. "మా వీధివాళ్లు నన్ను నిలబడమంటున్నారండీ. సర్పంచ్‌కి వెయ్యమంటారా, ఎంపీటీసీకా?" రాజోలు వైపు నుంచీ, పాలకొల్లు వైపు నుంచీ ఫోన్ చేసేవాళ్లదీ ఇదే ప్రశ్న. ఎంపీటీసీ అంటే మండల పరిషత్తులో మన ఊరి తరఫున కూర్చునే సభ్యురాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

సీట్లలో సగం మనవేనని, 2013 ఎన్నికల నుంచి అది నడుస్తోందని మీకు నేను చెప్పక్కర్లేదు. నిలబడాలా వద్దా అన్న చర్చ కూడా ఇక్కడ పెట్టను. ఒక్క సంగతి మాత్రం చాలామందికి ఇంకా చేరలేదు, అది చెప్పేస్తాను. ఇద్దరు పిల్లలు దాటితే పోటీకి పనికిరారన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. ముగ్గురు పిల్లలున్నారని గతంలో వెనక్కి తగ్గినవాళ్లు ఇప్పుడు తగ్గక్కర్లేదు.

ముందు ఎంపీటీసీ సంగతి. దాని వైపు వాదన గట్టిదే. సుమారు మూడు, నాలుగు వేల జనాభాకు ఒక సీటు. మన డెల్టాలో ఊళ్లు పెద్దవి కాబట్టి ఒక్కో ఊళ్లో రెండు మూడు ఎంపీటీసీ స్థానాలుంటాయి. అంటే సర్పంచ్‌కి ఊరంతా తిరగాల్సిన చోట ఎంపీటీసీకి సగమో, మూడో వంతో తిరిగితే సరిపోతుంది. పార్టీ గుర్తు మీద పోటీ. ఈమె మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ ఫారం చేతికొచ్చిందంటే జెండాలు, ఆటో మైకు, పోలింగ్ రోజు ఏజెంట్ల టిఫిన్లు చాలావరకు పార్టీవాళ్లే చూసుకుంటారు. ఇంట్లో మగవాళ్లు కూడా దీనికే తొందరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే కొబ్బరితోట తాకట్టు పెట్టాల్సిన పని ఉండదు.

పైకి వెళ్లే దారి కూడా ఇటువైపే కనబడుతుంది. ఎంపీటీసీలు కలిసి మండలాధ్యక్షురాలిని ఎన్నుకుంటారు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలో ఎంపీటీసీకి ఓటుంది, సర్పంచ్‌కి లేదు. అందుకే అయిదేళ్లలో ఒకటి రెండుసార్లు ఎంపీటీసీ ఇంటికి ఎక్కడలేని మర్యాద వస్తుంది, కార్లు వస్తాయి. జడ్పీ మెట్టు మీద నుంచి పైకెళ్లిన ఆడవాళ్లకు మన జిల్లాలోనే ఉదాహరణ ఉంది. వంగా గీత గారు 1995లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్‌పర్సన్. అక్కణ్ణుంచి రాజ్యసభకు, 2009లో పిఠాపురం ఎమ్మెల్యేగా, 2019లో కాకినాడ ఎంపీగా వెళ్లారు. మండలం, జిల్లా అన్న మెట్ల మీద నడిచినవాళ్లు రాజధాని దాకా వెళ్లగలరనడానికి ఇంతకంటే ఏం చూపిస్తాం?

ఇదంతా ఒప్పుకున్నాక నా అడ్డు ప్రశ్న. గెలిచిన మర్నాడు నుంచి ఎంపీటీసీ చేసే పనేమిటి?

"నిధుల్లేవు, విధుల్లేవు" అని ఎంపీటీసీలే అంటుంటారు, నా మాట కాదు. మండల సర్వసభ్య సమావేశానికి వెళ్లడం, రిజిస్టర్లో సంతకం పెట్టడం, టీ తాగడం, అవకాశం దొరికితే రోడ్డు గురించి ఒక మాట అడగడం. ఇక మండలాధ్యక్ష ఎన్నిక వచ్చిందంటే క్యాంపు, అంటే సభ్యులు అవతలి పార్టీకి చిక్కకుండా ఎక్కడికో తీసుకెళ్లి ఉంచడం. నాకు తెలిసిన ఒకావిడ పక్క మండలంలో గెలిచింది. పాలు తాగే పిల్ల. క్యాంపుకి తీసుకెళ్తామంటే పిల్లను ఎవరికి అప్పగించాలో తెలియక అత్తగారిని కూడా బస్సెక్కించారు. మూడు రోజులు ఒక హోటల్లో ఉంచారు. గదిలో ఏసీ చల్లదనానికి పిల్లకు జలుబు చేసింది. ఫోన్ మాట్లాడాలంటే వరండాలో కూర్చున్న అబ్బాయిని అడగాలి. తిన్నగా బస్సులో మండలాఫీసు దగ్గర దింపారు, చెప్పినప్పుడు చెయ్యెత్తమన్నారు, ఎత్తింది. ఎత్తకపోతే విప్ ఉంది, అంటే పార్టీ ఆదేశం, దాన్ని కాదంటే సభ్యత్వమే పోతుంది. "నేను గెలిచానో, నన్ను గెలిపించి తీసుకెళ్లారో నాకే తెలీలేదక్కా" అంది తర్వాత. ఆ మాట నాకు మర్చిపోదామన్నా మరుపు రావడం లేదు.

సర్పంచ్ పదవికి లోపాలు లేవా అంటే బోలెడు. పార్టీ గుర్తు ఉండదు గనక ఖర్చు సొంత సంచీలోంచి. గుర్తు లేదు గానీ పార్టీ లేదా అంటే ఉంటుంది, "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని మర్నాడు పేపర్లో వేస్తారు. ఏకగ్రీవం పేరుతో రామాలయం అరుగు మీద పది మంది మగవాళ్లు కూర్చుని మహిళా రిజర్వుడు సీటుకు ఎవరి భార్యను పెట్టాలో తేల్చేస్తారు, ఆ భార్యను పిలిచి అడగరు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక ఊళ్లో సగం పనులు సర్పంచ్ గుమ్మం తొక్కకుండానే జరిగిపోయాయి. పంచాయతీలకొచ్చిన ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కింద మళ్లిపోయిందని సర్పంచులు రోడ్డెక్కడం కూడా మనం చూశాం. గౌరవ వేతనం చూస్తే నెలకు 3000, ఎంపీటీసీకీ అంతే. ఆ విషయంలో ఇద్దరూ సమానంగా నష్టపోయారు.

అయినా నేను సర్పంచ్ వైపే. కారణం ఒక్కటే, సంతకం.

పంచాయతీలో ఏ బిల్లైనా కార్యదర్శి పెట్టాలి, సర్పంచ్ ఒప్పుకోవాలి. ఇప్పుడు చెక్కు పుస్తకం పోయి డిజిటల్ కీ వచ్చింది. చూడ్డానికి పెన్ డ్రైవ్‌లా ఉంటుంది. కంప్యూటర్‌కి పెట్టి పాస్‌వర్డ్ కొడితేనే డబ్బు కదులుతుంది. మోటారు రిపేరు, వీధి దీపాలు, బ్లీచింగ్, డ్రెయిన్లో గుర్రపుడెక్క తీయించడం, అన్నీ ఆ వేలెడంత వస్తువు గుండానే వెళ్లాలి. స్థానిక పదవుల్లో మొదటి మెట్టు మీదే ఒక ఆడదాని చేతికి చట్టం డబ్బు మీద అధికారం ఇచ్చింది ఇక్కడొక్కచోటే.

ఇక్కడ అందరూ ఒకటే అడ్డు చెప్తారు. "ఆ కీ మొగుడి జేబులో ఉంటుంది కదండీ!" ఉంటుంది. మా ఇంట్లోనూ అలాగే ఉంది, చెప్తాను.

మా వదిన 2021 ఫిబ్రవరిలో గెలిచింది. గోదావరి లంకకు ఆనుకున్న ఊరు, మహిళా రిజర్వుడు. మొదటి ఏడాదికి పైగా డిజిటల్ కీ మా అన్నయ్య చొక్కా జేబులో బండి తాళాలతో పాటు ఉండేది. ఆఫీసు రికార్డుల్లో ఆయన ఫోన్ నంబరే. పంచాయతీ ఆఫీసు బయట గోడ మీద వదిన పేరు రాసి, కింద నంబరు అన్నయ్యది వేశారు. "సర్పంచ్ గారూ" అంటే ఊళ్లో అన్నయ్యే తల తిప్పేవాడు.

రెండో వేసవి వచ్చింది. ఏప్రిల్లో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకోవాలని మన వైపు ఎవర్ని అడిగినా చెప్తారు. నింపకపోతే జూన్లో నీళ్లు వదిలేదాకా ఊరు గొంతెండాల్సిందే. కాలువ కట్టడానికి నాలుగు రోజులుందనగా మోటారు ఆగిపోయింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. అన్నయ్య దగ్గరికి కాదు, వదిన దగ్గరికి. వాళ్లు ఓటేసింది తనకే అని మా వదినకు అప్పుడే తట్టిందంటుంది. మెకానిక్‌ని పిలిపించి దగ్గర నిలబడింది. అతను మూత విప్పి, "వైండింగ్ ఎప్పుడు చేయించారండీ? ఇది పాత వైరే" అన్నాడు. వదిన ఆఫీసుకెళ్లి బిల్లులు తీయించింది. జనవరిలో మోటారు వైండింగుకని 18,500. ఆమోదం: సర్పంచ్. అంటే తను.

ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందో ఇప్పటికీ తేలలేదు. రాత్రి అడిగితే అన్నయ్య, "నాకేం తెలుసే, పెట్టమంటే పెట్టాను" అన్నాడు. మర్నాడు ఉతకడానికి చొక్కా తీసినప్పుడు వదిన జేబులోంచి కీ తీసి పోపుల డబ్బాలో ఆవాల పక్కన పెట్టింది. పాస్‌వర్డ్ మార్పించడానికి, ఫోన్ నంబరు తనది ఎక్కించడానికి ఒక వారం తిరిగింది. గోడ మీద నంబరు తనే చెరిపి రాయించింది. స్క్రీన్ మీద ఇంగ్లీషు రాదు, ఇంటర్ చదివే కూతురు పక్కన కూర్చుని చదివేది. మొదటి నెల రెండు బిల్లులు వెనక్కి పంపింది. అన్నయ్య రెండు నెలలు మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నాడు.

నేను చెప్పేదేమిటంటే, మొగుడు లాక్కున్నాడంటే అక్కడ లాక్కునేంత విలువైనది ఉందని లెక్క. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మా వదిన ఎవరి అనుమతీ అడగలేదు, ఏ పార్టీ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. క్యాంపులో మూడు రోజులు కూర్చున్న ఆవిడ వెనక్కి తీసుకోవాలనుకుంటే ఏం తీసుకుంటుంది?

దీనికి తోడు ఇంకో రెండు. నేరుగా ఊరు ఎన్నుకున్న సర్పంచ్‌ని వార్డు మెంబర్లు అవిశ్వాసం పెట్టి దించలేరు. మండలాధ్యక్షురాలికి, ఉప సర్పంచ్‌కి ఆ భయం ఉంది. తప్పు చేస్తే కలెక్టర్ చర్య తీసుకోవచ్చు, అది వేరే. రెండోది, ఎంపీటీసీ కూర్చునే మండల సమావేశానికి సర్పంచ్ కూడా శాశ్వత ఆహ్వానితురాలు. ఓటు ఉండదు, మాట్లాడొచ్చు. కాబట్టి మండలంలో గొంతు కావాలంటే దానికోసం ఎంపీటీసీ అవ్వాల్సిన పని లేదు. గ్రామసభ ఎలాగూ సర్పంచ్ అధ్యక్షతనే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, మన కోనసీమలో వానపల్లికి ముఖ్యమంత్రే వచ్చారు. ఆ రోజు మా ఊళ్లో మైకు వదిన చేతిలో ఉంది. డ్రెయిన్ పూడిక గురించి పది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు అన్నయ్య చీటీ అందించబోయాడు, తీసుకోలేదు.

మరి ఎంపీటీసీకి ఎవరు వెళ్లాలి? పదేళ్లుగా పార్టీలో తిరుగుతూ, మండల నాయకులకు ముఖం తెలిసినవాళ్లు వెళ్లొచ్చు. మీ ఊరి సర్పంచ్ సీటు మీరు నిలబడలేని వర్గానికి పోతే వెళ్లొచ్చు. మండలాధ్యక్ష పదవి మహిళలకు రిజర్వు అయి, అది మీకేనని పార్టీ నలుగురి ముందు చెప్తే తప్పకుండా వెళ్లండి. నలుగురి ముందు అన్నది మర్చిపోవద్దు, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

వార్డు మెంబరుగా మొదలుపెట్టి నేర్చుకోండని కొందరు పెద్దమనుషులు సలహా ఇస్తారు. చెడ్డ సలహా కాదు. మీటింగులో నోరు తెరవడం అలవాటవుతుంది, ఖర్చు తక్కువ. కానీ రిజర్వేషన్ తిరుగుతూ ఉంటుంది. మీరు నేర్చుకునేలోపు సర్పంచ్ సీటు చేతులు మారిపోవచ్చు. సంఘం లీడరుగా బ్యాంకు మేనేజరుతో వాదించినవాళ్లు, ఊరి సంఘాల సమాఖ్య వీఓ లెక్కలు రాసినవాళ్లు ఆ బడి ఇప్పటికే చదివేశారు. జడ్పీటీసీ అంటే జిల్లా పరిషత్ సభ్యత్వం, మండలమంతా ఒక్క సీటు, పెద్ద ఖర్చు, తొలిసారికి వద్దు. మున్సిపాలిటీలో ఉన్నవాళ్లకు కౌన్సిలర్ తప్ప వేరే దారి లేదు కాబట్టి ఎంచుకునే గొడవే లేదు. నీటి సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. అక్కడ ఓటు ఆయకట్టులో పొలం ఉన్నవాళ్లది, మనలో ఎంతమంది పేరు మీద పాస్ పుస్తకం ఉందో మీరే చూసుకోండి. రైతుల సహకార సొసైటీ సంగతీ దాదాపు అంతే.

పోటీ చేసేవాళ్లు ముందుగా చెయ్యాల్సినవి చిన్నవే. ఓటరు జాబితాలో పేరు అక్షరం తప్పు లేకుండా చూసుకోండి. పంచాయతీకి ఇంటి పన్ను బాకీ ఉంటే కట్టి రసీదు దాచుకోండి, ఆఖరి రోజు దీని మీదే గొడవలు అవుతాయి. కులం సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. ఫోన్ నంబరు అడిగిన ప్రతి కాగితంలోనూ మీ సొంత నంబరు రాయండి. రెండో సిమ్ అయినా సరే, మీ పేరు మీదే ఉండాలి.

చివరగా అందరూ తప్పుగా అనుకునేది ఒకటి. జనరల్ సీటంటే మగవాళ్ల సీటు కాదు. మహిళలకు రిజర్వు చేసిన చోట మగవాళ్లు నిలబడకూడదు గానీ, జనరల్లో ఆడవాళ్లు నిలబడకూడదని ఎక్కడా లేదు. ఈసారి రిజర్వేషన్ మారి మా ఊరు జనరల్‌కి పోయినా తను నామినేషన్ వేస్తానని వదిన సంక్రాంతికే చెప్పేసింది. అదే సీటు మీద అన్నయ్యకూ మనసుందని మా అందరికీ తెలుసు. ఆయన ఇప్పటివరకు ఏమీ అనలేదు. కీ ఇంకా పోపుల డబ్బాలోనే ఉంది.